ఐదో గడి

"నేను ఉజ్బెక్‌ని. టర్కుల పిల్ల పెళ్ళికి మాట ఇవ్వడానికి నేనెవణ్ణి?"

మా బావగారు సెఫెర్ ఈ మాట అనడం పొద్దుటినుంచి ఇది నాలుగోసారి. అనడమే కాదు, ఎర్ర అట్ట ఉన్న పాత సోవియట్ పాస్‌పోర్టు తెచ్చి వంటింటి బల్ల మీద తెరిచి పెట్టారు. మూసుకుపోకుండా నా చక్కెర గిన్నె ఎత్తి దాని మీద పెట్టారు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు. ఆ తర్వాత ఐదో గడి, జాతి. అందులో నల్ల సిరాతో 'ఉజ్బెక్' అని రాసి ఉంది. ఆ దేశం పోయి ముప్ఫై ఏళ్ళు దాటినా ఆ సిరా మాత్రం వెలిసిపోలేదు.

గడియారంలో రెండయింది. నాలుగింటికి పెళ్ళిపెద్దలు వస్తారు. వాళ్ళు రావడం ఇది మూడోసారి. మా అహిస్కా టర్కుల్లో మూడోసారికి తాడో పేడో తేలిపోవాలి. వచ్చినవాళ్ళ ముందు చక్కెర లేని టీ పెడతాం. ఇంటికి పెద్ద మగవాడు తన చేత్తో ఆ టీలో చక్కెర వేసి కలిపితే పిల్లనిచ్చినట్టు. కలపకపోతే వాళ్ళు టీ ముట్టకుండా లేచిపోతారు, మళ్ళీ ఆ గడప తొక్కరు.

మా ఇంటికి పెద్ద బావగారు. ఆయన అమెరికాలో మేముండే ఈ డేటన్‌లో దిగి పదకొండు రోజులయిందని ఊళ్ళో మా వాళ్ళందరికీ తెలుసు. అన్న ఇంట్లో ఉండగా తమ్ముడు చక్కెర గిన్నె ముట్టుకుంటే ఆ సంబంధం నిలవదు. నాకు పెళ్ళయిన పదకొండేళ్ళకి పుట్టిన ఒక్కగానొక్క పిల్ల మరాల్. ఇప్పుడు అడగవస్తున్న ఆ ఇల్యాస్ కోసమే రెండేళ్ళుగా వచ్చిన సంబంధాలన్నీ తిప్పికొడుతోంది.

"అన్నయ్యా, ఈ ఒక్క పూటకి." మా ఆయన బినాలి ఇస్త్రీ పెట్టె మీంచి తలెత్తకుండా అన్నారు. "పిల్ల మొహం చూసి ఒక్క పూట."

"ఒక్క పూటకి టర్కుని చేస్తావు. రేపు మళ్ళీ ఉజ్బెక్‌ని చేస్తావా?"

"నేనెప్పుడు చేశాను? ఆ గడిలో అలా రాయించింది నాన్న. నీకు పదహారేళ్ళు నిండినప్పుడు, ఉజ్బెక్ అని ఉంటే పెద్ద చదువుకి అడ్డుండదని. నాకు ఉన్నదున్నట్టు టర్కు అని రాయించాడు. నాకు దక్కని చదువు నీకు దక్కింది. నేనెప్పుడైనా ఏమన్నా అన్నానా?"

"గడి సంగతి కాదురా నేనడుగుతున్నది."

"మరేంటి?"

"నీకు తెలుసు."

మా ఆయన ఇస్త్రీ పెట్టెని కాలర్ మీదే ఉంచేశారు. కాలిన వాసన వస్తే నేనే వెళ్ళి ప్లగ్గు పీకాను.

పదకొండు రోజులుగా ఇదే వరస. ఒకరు 'నీకు తెలుసు' అంటారు, ఇంకొకరు నోరు మూసుకుంటారు. విమానాశ్రయంలో మా ఆయన చేతులు చాచి వాటేసుకోబోతే, బావగారు ఒకడుగు వెనక్కి వేసి, "పొరుగింటి పిల్లాణ్ణి గుర్తుపట్టావా బినాలీ?" అన్నారు. ఇరవై ఏళ్ళ తర్వాత కలిసినవాళ్ళ వేళాకోళం అనుకుని నేను నవ్వాను కూడా. మా ఆయన నవ్వలేదు.

నాకు ముక్కుమీద కోపమని మా ఆయన ఊరంతా చాటుతారు. నిజమే. నా కోపం పాలపొంగు, లేచినంత సేపు లేచి చల్లారిపోతుంది. ఈ అన్నదమ్ములది నివురుగప్పిన నిప్పు. దాని మీద నడుస్తూ పదకొండు రోజులుగా వండుతున్నాను, వడ్డిస్తున్నాను, నవ్వుతున్నాను. ఇంక నా వల్ల కాలేదు.

"మీరిద్దరూ ఏం దాచుకుంటున్నారో గానీ నాలుగింటికి ముందే తేల్చుకోండి" అన్నాను. "మీ పంతాల మధ్య నా పిల్ల నలిగిందంటే ఇద్దరికీ ఈ ఇంట్లో అన్నం పుట్టదు."

నేను అత్తయ్య గదిలోకి వెళ్ళాను.

*

అత్తయ్య హాతూన్ మంచం అంచున కూర్చుని ఉంది, నమాజు చాప మడిచి ఒళ్ళో పెట్టుకుని. ఎనభై ఆరేళ్ళ మనిషి. పెద్దకొడుకు వచ్చిన రోజు ఆయన మెడ పట్టుకుని గంటసేపు ఏడ్చింది. మర్నాటినుంచి ఒంట్లో బాగోలేదని గది దాటలేదు. ఆయన గుమ్మం దగ్గరికి వస్తే చాలు, నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకుంటుంది.

"మీరు ఒక్క మాట చెబితే బావగారు కాదనరు అత్తయ్యా. కన్నతల్లి మాట కదా."

"కన్నతల్లి" అని ఊరుకుంది.

"మాట్లాడరేం? టైము లేదు."

"లుత్ఫీ వస్తున్నాడా?"

"పిల్లాడి తాత, వాళ్ళింటి పెద్ద ఆయనే. రాకుండా ఎలా ఉంటారు?"

"వాడు ఊరు అడుగుతాడు."

"అడిగితే చెబుదురు. ఎవరు అడగరు గనక?"

మా వాళ్ళు ఇద్దరు ఎక్కడ కలిసినా మొదటి ప్రశ్న అదే. ఏ ఊరు? ఉంటున్న ఊరు కాదు, జార్జియా కొండల్లో తాతల ఊరు. పందొమ్మిది వందల నలభై నాలుగులో మా జనాన్నంతా పశువుల రైలుపెట్టెల్లో కుక్కి ఉజ్బెకిస్తాన్‌కి తోలేశారు. అత్తయ్యకి అప్పుడు ఆరేళ్ళు. ఆ ఊళ్ళని కళ్ళతో చూసినవాళ్ళు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. అయినా ఇక్కడ పుట్టిన పిల్లాడు కూడా తన ఊరు పేరు, ఏడు తరాల తాతల పేర్లు గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. చెప్పలేనివాడికి మేము పిల్లనివ్వం.

అత్తయ్య చాలాసేపు చాప అంచులు సరిచేస్తూ కూర్చుంది. మోకాలి నొప్పికి మందు వేసుకోమంటే తల అడ్డంగా ఊపింది.

"ఆ ఊదారంగు వెల్వెట్ గౌను తీయి. నేనూ వచ్చి కూర్చుంటాను" అంది చివరికి.

*

మరాల్ పళ్ళ డాక్టరు దగ్గర పని ముగించుకుని మూడింటికి వచ్చింది. బూట్లు విప్పుతూనే బల్ల మీద పాస్‌పోర్టు చూసింది.

"ఇంకా ఇదేనా పెదనాన్నా? అయితే ఉజ్బెకే అవ్వు, తప్పేముంది? నేను క్లినిక్‌లో రష్యన్‌ని."

"రష్యన్‌వా?" బావగారు తలెత్తారు.

"రష్యా నుంచి వచ్చాను, రష్యన్ మాట్లాడతాను. వాళ్ళకి అంత చాలు. అహిస్కా అంటే అదేదో జబ్బా అన్నట్టు చూస్తారు. టర్కిష్ హోటల్‌కి వెళితే టర్కుని, నా యాస విని వాళ్ళు నవ్వుతారనుకో. ఉజ్బెక్ కొట్టుకి వెళితే, మా నానమ్మ పులావు ఫెర్గానా పులావు అని చెప్పి మంచి మాంసం అడిగి తెచ్చుకుంటాను."

పదకొండు రోజుల్లో మొదటిసారి బావగారు నవ్వారు. "ఏ ఎండకా గొడుగు."

"అందరూ అంతే బావగారూ" అన్నాను, ఆ నవ్వు చూసి నాకు కాస్త ప్రాణం లేచి వచ్చి. "ఆదివారాలు మా సంఘం హాల్లో కూర్చుని మన వాళ్ళకి ఫారాలు నింపుతాను కదా, నన్నడగండి. పుట్టిన దేశం అన్నచోట తండ్రి జార్జియా అంటాడు, కొడుకు ఉజ్బెకిస్తాన్ అంటాడు, మనవడు రష్యా అంటాడు. ముగ్గురూ ఒకే కంచంలో తిని వచ్చినవాళ్ళు. మొన్న ఒకావిడ, మాది ఏ దేశమో నువ్వే మంచిది చూసి రాయమ్మా అంది."

"చూశావా" అంది మరాల్. "గొడుగు మార్చినందుకు ఎవరూ ఎవర్నీ ఇంట్లోంచి గెంటెయ్యరు పెదనాన్నా."

బావగారి నవ్వు ఆగిపోయింది.

"గెంటుతారమ్మా" అన్నారు.

కోటు లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశారు. అందులో నాలుగు మడతల కాగితం. మడతల దగ్గర టేపు అంటించి ఉంది.

"నీకు ఇంగ్లీషు బాగా వచ్చు కదా. చదువు. నాకు అప్పట్లో ఎవరో రష్యన్‌లో చెప్పారు. నా తమ్ముడి ఇంట్లో, నా తమ్ముడి కూతురి నోటితో ఒక్కసారి వినాలని ఉంది."

మరాల్ ముందు కళ్ళతో చదివింది. తర్వాత ఆగి ఆగి మా భాషలోకి మార్చి చెప్పింది. "రెండువేల ఐదు, మార్చి. మీ దరఖాస్తు తిరస్కరించడమైనది. మీరు సదరు కుటుంబంలో పుట్టినవారు కారనీ, పొరుగింటి ఉజ్బెక్ కుటుంబపు బిడ్డనీ, ఆ కుటుంబ సభ్యులే మా ముందు ప్రమాణం చేసి చెప్పినందున..."

అక్కడ ఆగిపోయింది.

"చదువు" అన్నారు బావగారు.

"ఇంక ఏం లేదు పెదనాన్నా. సంతకమే ఉంది."

నా చేతుల్లో టీ గ్లాసుల పళ్ళెం ఉంది. దాన్ని బల్ల మీద పెట్టడానికి కూడా చోటు కనబడలేదు. ఉజ్బెకిస్తాన్ వదిలి చేరిన రష్యా క్రాస్నదార్‌లో మా టర్కులకి పౌరసత్వం ఇవ్వక, ఇల్లు రాసుకోనివ్వక, పని చేసుకోనివ్వక వేధిస్తుంటే, అమెరికా తీసుకుంటానంది. మేము వచ్చాం. బావగారు రాలేదు. ఆయనకి రావడం ఇష్టం లేదని మా ఆయన నాతో చెప్పారు. ఇరవై ఏళ్ళు ఆ మాటే నమ్మాను. ఊరందరికీ అదే చెప్పాను.

మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు, కాలిన చొక్కా చేతిలో పట్టుకుని.

"ఏమండీ. ఎవరు చెప్పారు ఇది?"

చొక్కా మీది కాలిన మచ్చని గోటితో గీకారు.

"ఆ అమెరికా వాళ్ళ ఆఫీసులో లోపలికి వెళ్ళింది మీరూ అత్తయ్యా. పిల్ల ఏడుస్తోందని నేను వసారాలో ఉన్నాను. ఎవరు చెప్పారు?"

"నేనే" అన్నారు మా ఆయన.

కాసేపు నాకు ఏమీ వినబడలేదు. తర్వాత నా గొంతే వినబడింది.

"మన పెళ్ళయి మూడు వారాలు. ఎనభై తొమ్మిది, జూన్ నెల. ఫెర్గానాలో ఉజ్బెక్ మూకలు మన వీధి మొదటినుంచి టర్కుల ఇళ్ళు ఒక్కోటీ తగలబెట్టుకుంటూ వస్తున్నారు. రొట్టెల పొయ్యి వెనక కట్టెల గోతిలో నేను, అత్తయ్య, నువ్వు. నా నోట్లో నా కొంగే కుక్కింది అత్తయ్య. గేటు దగ్గర ఈయనొక్కడే నిలబడ్డాడు. ఈ ఇంట్లో ఎవరు అని అడిగారు. ఉజ్బెకులం అన్నాడు. ఇదే పాస్‌పోర్టు, ఇదే పేజీ తెరిచి చూపించాడు. ఎడమ పక్క ఇల్లు కాలింది. కుడి పక్క ఇల్లు కాలింది. మనం బతికాం. ఆ పేజీ వల్ల బతికాం బినాలీ. అదే పేజీ చూపించి ఈయన్ని పరాయివాణ్ణి చేశావా?"

మా ఆయన్ని పేరు పెట్టి నువ్వు అన్నది ముప్ఫై ఆరేళ్ళలో అదే మొదటిసారి. ఆయన కూడా గమనించారు.

"ఆఫీసరు అనుమానపడ్డాడు. ఒకే తల్లికి ఒకడు టర్కు, ఒకడు ఉజ్బెక్ ఎలా అవుతారన్నాడు. ఇది తేలేదాకా అందరి కాగితాలూ ఆగిపోతాయన్నాడు. అంతకు ముందు వారమే ఆ ఊరి కొసాక్కుల దండు నన్ను బజార్లో పట్టుకుని కొట్టింది, నీకు గుర్తుంది కదా."

"గుర్తుంది. ఆసుపత్రికి మోసుకెళ్ళింది కూడా ఈయనే. అదీ గుర్తుంది."

"గులిజార్, నెమ్మది."

"నెమ్మదా? ఇక్కడ పౌరసత్వం వచ్చిన రోజునుంచీ మొత్తుకుంటున్నాను, మీ అన్నకి కాగితాలు పెట్టండి, తోడబుట్టినవాడికి పెట్టుకోవచ్చు అని. ఊళ్ళో అందరి అన్నలకీ నేనే ఫారాలు నింపాను. మన అన్నకి మాత్రం వచ్చే ఏడాది, ఆ పై ఏడాది అన్నావు. ఎలా పెడతావు? అన్నే కాదని రాసిచ్చావు కదా. ఆ మనిషి గ్రీన్‌కార్డు లాటరీలో పేరు తగిలి, పరాయివాడిలా ఈ ఊరు వచ్చాడు. సిగ్గుగా లేదూ?"

"ఇంక చాల్లే అమ్మా" అని బావగారే నన్ను ఆపారు. ఆయన గొంతులో కోపం లేదు. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది. "నువ్వు అరిస్తే పెరి తిరిగి రాదు."

పెరి నా తోడికోడలు. రెండువేల తొమ్మిదిలో పోయింది. గుండెపోటని మాకు కబురొచ్చింది.

"ఊళ్ళో ఉండే రిజిస్ట్రేషన్ కాగితం లేదని ఆసుపత్రి గుమ్మంలోనే ఆపేశారు దాన్ని" అన్నారు బావగారు. "నేను ఈ పాస్‌పోర్టు తీసి చూపించాను. టర్కులం కాదు, ఉజ్బెకులం అన్నాను. ఆ గుమాస్తా చూడనైనా చూడలేదు. నీ మొహమే చెబుతోంది టర్కువని, పో అన్నాడు. అక్కడ టర్కునని దాన్ని చంపారు. ఇక్కడ ఉజ్బెక్‌నని నన్ను వద్దన్నారు. ఇప్పుడు నాలుగింటికి మళ్ళీ టర్కునై కూర్చోమంటున్నాడు మా తమ్ముడు."

మరాల్ ఆయన పక్కన కుర్చీలో కూర్చుంది. కాగితాన్ని మడతల ప్రకారం జాగ్రత్తగా మడిచి, కవర్లో పెట్టి ఆయన చేతికిచ్చింది.

"నా పెళ్ళి కోసం నువ్వు ఏమీ అవ్వక్కర్లేదు పెదనాన్నా" అంది.

బయట కారు ఆగిన చప్పుడయింది. వాళ్ళు పావుగంట ముందే వచ్చేశారు.

*

ఇద్దరే వచ్చారు. ఇల్యాస్ తాత లుత్ఫీ, తండ్రి జబ్బార్. లుత్ఫీకి ఎనభై ఏళ్ళు, పళ్ళన్నీ ఊడినా మాట ఊడలేదు. నేను రొట్టెలు, జున్ను, వాల్‌నట్ పప్పు సర్దాను. టీ పోశాను. చక్కెర గిన్నె మధ్యలో పెట్టాను. ఎవరి చేతులు వాళ్ళ ఒళ్ళో ఉన్నాయి.

అత్తయ్య ఊదా గౌనులో వచ్చి మూల కుర్చీలో కూర్చుంది. లుత్ఫీ లేచి ఆమె చేయి కళ్ళకద్దుకున్నాడు. బావగారు తల్లి వైపు చూడలేదు.

"ఆరోగ్యాలు బాగున్నాయా, లారీలకి లోడ్లు దొరుకుతున్నాయా" అని నాలుగు మాటలయ్యాక లుత్ఫీ బావగారి వైపు తిరిగాడు.

"ఏ ఊరు నాయనా?"

"ఫెర్గానాలో పుట్టాను బాబాయ్. ఉజ్బెక్‌ని."

జబ్బార్ కూర్చున్నచోటే బిగుసుకున్నాడు. "ఏంటి బినాలీ ఇది? మీ అన్న అన్నావు."

మా ఆయన తల దించుకున్నారు. కానీ లుత్ఫీ గలగలా నవ్వాడు.

"ఓస్, అంతేనా? నా పాస్‌పోర్టులో అజర్‌బైజానీ అని ఉండేది. మా తమ్ముడికి జార్జియన్ అని రాశారు. మా చెల్లెలు పాస్‌పోర్టుకి వెళ్ళినరోజు గుమాస్తా తాగి ఉన్నాడు, దాన్ని తాజిక్‌ని చేశాడు. ముగ్గురం కలిసి భోంచేస్తే సోవియట్ యూనియన్ అంతా ఒక్క బల్ల దగ్గర కూర్చున్నట్టుండేది. ఆ గడిలో ఏముందో ఎవడిక్కావాలి? రాసింది రాసినవాడి చెయ్యి. మన నోటితో మనం ఏమన్నామన్నదే లెక్క."

"అదే బాబాయ్ నేనూ అంటున్నది" అన్నారు బావగారు. "నోటితోనే అన్నారు. ప్రమాణం చేసి అన్నారు. నేనెవర్నో మా తమ్ముణ్ణి అడగండి. వాడు చెప్పినట్టే చేస్తాను. అన్నంటే చక్కెర కలుపుతాను. పొరుగింటివాడంటే లేచి వెళ్ళిపోతాను."

లుత్ఫీ మొహంలో నవ్వు పోయింది. మా ఆయన వైపు చూశాడు, నా వైపు చూశాడు. మరాల్ వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది.

"వాణ్ణి అడగకు లుత్ఫీ" అంది అత్తయ్య మూలనుంచి. "నన్నడుగు."

"అమ్మా, నువ్వూరుకో" అన్నారు మా ఆయన.

"ఇరవై ఏళ్ళు ఊరుకున్నాను. ఆ ఆఫీసరు ముందు మాట్లాడింది వీడు కాదు, నేను. సెఫెర్‌ని నేను కనలేదన్నాను. పొరుగింటి ఉజ్బెక్ బిడ్డ, తల్లి చచ్చిపోతే తెచ్చి పెంచుకున్నానన్నాను. వీడు తల వంచుకుని సంతకం పెట్టాడు. మాట మాత్రం నాది."

బావగారు నెమ్మదిగా తల్లి వైపు తిరిగారు. ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు నేను. ఫెర్గానాలో గేటు దగ్గర కూడా బెదరని మనిషి.

"నువ్వా?"

"నేనే."

"వీడనుకున్నాను. ఇన్నేళ్ళూ వీణ్ణి తిట్టుకున్నాను. వీడి చేతిలో చేయి పెట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాను." తమ్ముడి వైపు చూశారు. "నువ్వెందుకు చెప్పలేదురా?"

"అమ్మ పేరు ఎలా చెప్పను అన్నయ్యా?"

నేను ఒక గంట కిందట ఇదే మనిషిని ఎన్ని మాటలన్నానో గుర్తొచ్చింది. అయినా నా కోపం తగ్గలేదు. సంతకం సంతకమే. నోరు విప్పకుండా పెట్టిన సంతకం ఇంకా పాపం.

"ఎందుకమ్మా?" అన్నారు బావగారు.

"ఇద్దరు పిల్లల్ని రెండు చేతులా పట్టుకుని ఏట్లో పడ్డదాన్నిరా. ఇద్దర్నీ పట్టుకుంటే ముగ్గురం మునుగుతాం. ఈత వచ్చినవాణ్ణే కదా వదులుతాం? నీకు ఆ కాగితం ఉంది, చదువుంది. ఉజ్బెక్‌వని ఎక్కడైనా బతుకుతావనుకున్నాను. వీడికి ఏముంది, టర్కు అన్న మాట తప్ప? ఇంకో ఏడాది అక్కడుంటే వీణ్ణి చంపేసేవాళ్ళు."

"నాకు ఈత వచ్చని నీకెవరు చెప్పారమ్మా?"

లుత్ఫీ గడ్డం నిమురుకుంటూ నేల చూపులు చూస్తున్నాడు. పోసిన టీ అంతా చల్లారిపోయింది, ఎవరూ మార్చమనలేదు.

బావగారు మొహం తుడుచుకుని లుత్ఫీ వైపు తిరిగారు.

"బాబాయ్, పిల్ల బంగారం. దాని తప్పేమీ లేదు. మాట ఇస్తాను. కానీ ముందు వీళ్ళిద్దరూ ఆ రోజు చెప్పిన నోళ్ళతోనే మళ్ళీ చెప్పాలి. ఇక్కడ, ఈ నాలుగు గోడల మధ్య కాదు. ఈ దేశపు ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో. నేను హాతూన్ కన్న పెద్దకొడుకునని రాయించాలి. అప్పుడు ఇంటి పెద్దగా వచ్చి కూర్చుంటాను. అంతవరకూ నేను ఇక్కడ లాటరీలో వచ్చిన ఉజ్బెక్‌ని."

"అన్నయ్యా, ఏం మాట్లాడుతున్నావో తెలుసా?" మా ఆయన లేచి నిలబడ్డారు. "అబద్ధమాడి వచ్చామని మనంతట మనమే చెబితే పౌరసత్వం పీకేస్తారు. నాదీ అమ్మదీ పోతే పోయింది. మా కాగితాల మీద వచ్చిన గులిజార్‌దీ పోతుంది, మరాల్‌దీ పోతుంది. పంపేస్తామంటే ఎక్కడికి పోతాం? జార్జియా మనది కాదంటుంది, ఉజ్బెకిస్తాన్ తగలబెట్టింది, రష్యా తరిమింది. మనల్ని పంపించడానికి కూడా ఒక దేశం లేదు."

"ఇరవై ఏళ్ళు నేనున్నది అలాగే" అన్నారు బావగారు.

"అంటే పిల్ల కాగితాలు కూడా పోతాయా?" జబ్బార్ నన్నడిగాడు, ఫారాలు నింపేదాన్నని.

"పోవచ్చు" అన్నాను. అబద్ధం చెప్పాలనిపించలేదు.

జబ్బార్ కోటు అందుకున్నాడు. లుత్ఫీ అతని మోచేయి పట్టుకుని ఆపాడు, కానీ కూర్చోమని అనలేదు. మరాల్ గుమ్మం వదిలి రెండడుగులు ముందుకొచ్చి అక్కడే నిలబడిపోయింది. కళ్ళు నా మీదే ఉన్నాయి. వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు.

అత్తయ్య కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. పడబోతే బావగారు చేయి చాపారు. ఆమె ఆ చేయి పట్టుకోలేదు, తనంతట తనే నిలదొక్కుకుంది.

"గులిజార్" అంది. "సోమవారం ఆ ఆఫీసు ఎన్నింటికి తీస్తారు?"

"చెప్పకు" అన్నారు మా ఆయన. అరవలేదు. బతిమాలుతున్నట్టు అన్నారు. "నీ పిల్ల మీద ఒట్టు. చెప్పకు."

నా పిల్ల వైపు చూశాను. కట్టెల గోతిలో నా నోట్లో కొంగు కుక్కిన ఆ ముసలి చేతుల వైపు చూశాను.

"ఎనిమిదింటికి అత్తయ్యా" అన్నాను.